వెనక దారి మొక్కు

"వెళ్ళొస్తానత్తయ్యా" అంది మాణిక్యమ్మ మళ్ళీ.

సుబ్బరావమ్మ వాకిట్లో ఆరబోసిన మిరపకాయలు తిరగేస్తూనే ఉంది. తలెత్తలేదు.

"ఎక్కడికే?" అన్నాడు ఆమె మొగుడు అంకారావు, ఎడ్లకి చొప్ప వేస్తూ.

"బోడికొండ స్వామి గుడికి. వెనక దారిన నడిచి."

"మతి పోయిందా? టైఫాయిడ్ వచ్చి మంచం మీంచి లేచి ఎన్నాళ్ళయిందని? బయట నిప్పులు చెరుగుతోంది. తిరనాళ్ళకి బండి కట్టుకుని అందరం పోదాంలే."

"బండెక్కి పోతే ఈ మొక్కు చెల్లదు. ఒక్కదాన్నే నడవాలి."

సుబ్బరావమ్మ చేతిలో గంప జారి కింద పడింది. కోడలి వంక ఒక్కసారి చూసి, విసవిసా ఇంట్లోకి వెళ్ళిపోయింది.

మాణిక్యమ్మకి ఏడుపొచ్చింది. తను మంచం మీంచి లేచిన దగ్గర్నుంచీ ఇదే వరస. అత్త ఊరందరితో మాట్లాడుతుంది, తనతో మాత్రం పలకదు. వేళకి జావ కాచి పెడుతుంది, తల దువ్వుతుంది, నోరు మాత్రం విప్పదు. అంతకు ముందు ఇద్దరూ మిరపచేలో కాయలు కోస్తూ మాట్లాడుకుంటుంటే, ఈ అత్తాకోడళ్ళ కబుర్లు కోతలయినా అయిపోవని కూలీలు నవ్వేవాళ్ళు.

ఏం తప్పు చేశానో స్వామే చెప్పాలి అనుకుని గడప దిగింది.

ఆ దారిన ఎవరూ లేరు. అటూ ఇటూ పత్తి మోళ్ళు, నెర్రెలిచ్చిన నల్లరేగడి. కాళ్ళు బొబ్బలెక్కకుండా మోదుగాకులు కట్టుకుంది. అవి కాసేపటికే కమిలి చిరిగిపోయాయి. కొండ కింద తుమ్మచెట్టు నీడ చేరేసరికి కళ్ళు తిరిగాయి.

"కూచో అక్కా, కూచో! పడిపోతావ్!" మేకలు కాస్తున్న ఖైరున్నీసా దుత్తలో నీళ్ళు వంచి ఇచ్చింది. "ఇంత ఎండలో అంత కష్టమేమొచ్చింది?"

"మా అత్తయ్య నాతో పలకడం లేదు."

"పలకని అత్తా! ఎంత అదృష్టం! మా అత్తని ఓ వారం తీసుకెళ్ళి ఇదెట్లాగో నేర్పించరాదూ?"

మాణిక్యమ్మ నవ్వబోయి కళ్ళు తుడుచుకుంది. ఖైరున్నీసా నవ్వు మానేసి దగ్గరికి జరిగింది.

"ఊరికే అన్నాలే. ఇంతకీ ఏం వదిలిపెడుతున్నావ్? ఈ సామికి బాగా ఇష్టమైందే వదలాలిగా. మా ఆయన పిల్ల పుట్టాలని చుట్ట మానాడు. మొక్కు తీరేదాకా బయటికి చెప్పకూడదంట, నాక్కూడా చెప్పలా. పంటి నొప్పేమోనని లవంగాలు నమిలించా!"

"నేనింకా మొక్కలేదుగా, చెబితే తప్పు లేదు. గోంగూర."

"అయ్యో, గోంగూరే? ఆ పలకని అత్తనే వదిలెయ్యరాదూ, తేలిగ్గా పోద్ది!"

"అమ్మో, ఆవిడ్ని వదిలి నేనుండలేను" అంది మాణిక్యమ్మ లేస్తూ.

మెట్లు పెనంలా కాలుతున్నాయి. కాస్త ఎక్కడం, కూచోవడం, మళ్ళీ ఎక్కడం. చివరి మెట్టు కూడా ఎక్కింది. గుడి తలుపుల ఎదుట నిలబడి చేతులు జోడించింది.

"స్వామీ, మా అత్తయ్య నాతో ఒక్క మాట మాట్లాడితే, ఈ జన్మలో గోంగూర..."

"ఆగవే! నోర్ముయ్!"

మాణిక్యమ్మ ఉలిక్కిపడి తిరిగింది. స్తంభం చాటు నుంచి సుబ్బరావమ్మ వస్తోంది. రవిక చెమటతో తడిసిపోయింది. చేతిలో మజ్జిగ చెంబు. బండ్లు వచ్చే ముందు దారి వైపు నుంచి తమ ఎడ్ల గంటలు వినిపిస్తున్నాయి.

"గోంగూర మానేస్తే ఇంట్లో ఇంకెవరు తింటారే? కాళ్ళు చూడు ఎట్లా కాలాయో! ముందీ మజ్జిగ తాగు. ఆ ఆకులేంటి, కాస్త దళసరివి కట్టుకోవద్దూ? దారిలో నీళ్ళు తాగావా? ఎవరిచ్చారు?"

మాణిక్యమ్మ చెంబు అందుకోలేదు. ఆవిడ చేతులు పట్టుకుని ఏడ్చేసింది.

"ఇన్నాళ్ళూ ఎందుకు పలకలేదత్తయ్యా? నేనేం తప్పు చేశాను?"

సుబ్బరావమ్మ కొంగుతో కోడలి మొహం తుడిచింది.

"నువ్వు తెలివి లేకుండా పడున్నప్పుడు ఈ గుడి ముందే మొక్కానే, నువ్వు బతికి నీ కాళ్ళతో ఈ కొండెక్కేదాకా నాకు అన్నిటికన్నా ఇష్టమైంది వదిలేస్తానని. నీతో కబుర్ల కన్నా నాకిష్టమైంది ఇంకేముందే, పిచ్చిదానా!"