మూడో గంప

ఇంజనీరింగ్ చదివే హీనా తయారుచేసిన మూడో గంపను కూడా చేపలమ్మే గంగాలమ్మ పక్కన పెట్టేసింది.

"ఇదీ వద్దమ్మా."

ఇంకో గంటలో కాలేజీలో ప్రాజెక్టు చూపించాలి. హార్బర్ గట్టు మీదే హీనాకు ఏడుపొచ్చింది.

"ఎంతో తేలిగ్గా ఉండేలా చేశాను పిన్నీ. తల నొప్పెట్టకుండా మెత్త కూడా కుట్టాను. ఇంకేం కావాలి?"

"మొయ్యడానికేటి, ముప్పయ్యేళ్లుగా మోత్తన్నాను. సేపలు నింపినాక నెత్తికెత్తీదెవులు? రోజూ నా పక్కన సేపలమ్మీ నూకాలు ఎత్తీది. అది సచ్చిపోనాది. ఎవులైనా ఓ సెయ్యేత్తారేమోనని సూత్తా కూకుంటే సేపలు పాడైపోతన్నాయి."

ఇరవై ప్రశ్నలు రాసుకొచ్చిన హీనా ఈ ఒక్కటీ అడగలేదు.

ఇద్దరూ వంగారు. నిండుగా ఉన్న పాత గంప గంగాలమ్మ తలకెక్కింది. ఆమె రెండడుగులు వేసి ఆగి, తల తిప్పకుండానే అడిగింది.

"మరి రేపో అమ్మా?"