గొర్రె తొక్కని బీడు

"మూడేండ్లాయ సార్, ఈ బీడులో ఒక్క గొర్రె గూడా కాలు పెట్టలేదు!" అని గర్వంగా చెప్పాను.

ఏ బీడు ఏ పనికో తేల్చడానికి తాలూకా నుంచి వచ్చిన అధికారి తలాడిస్తూ రాసుకున్నాడు.

బట్టమేక పిట్టలు ఇక్కడ నేలమీదే గుడ్లు పెడతాయి. వాటి కోసం పంచాయతీలో తీర్మానం చేసుకుని, కరువులో కూడా మందల్ని దూరం తోలుకుపోయాం. మేత చాలక తిప్పమ్మ గొర్రెలు పద్నాలుగు చచ్చాయి. అయినా ఆమె కట్టు తప్పలేదు.

"పుల్ల గూడా ఏరుకోము సామీ," అంది తిప్పమ్మ. "ఈ పక్కకే రాము."

అధికారి రాసినదాని నకలు నా చేతికిచ్చి జీపెక్కాడు. రాళ్లు కొడుతూ, వాటిమీద పేర్లు చెక్కుతూ నేర్చుకున్న నాలుగక్షరాలతో కూడబలుక్కున్నాను.

‘ఈ భూమిని గ్రామస్థులెవరూ వాడుకోవడం లేదు. వేరుశెనగ సాగుకు పట్టాలివ్వవచ్చు.’

చేతిలో సమ్మెట విసిరేయాలన్నంత కోపం వచ్చింది. ఎవరి మీద విసరాలి?

"ఏముందప్పా దాంట్లో? పిట్టలకే ఇడిసినాడా?" తిప్పమ్మ నా భుజం కుదిపింది. "మనం చెప్పిందంతా రాసినాడా, లేదా?"

"రాసినాడు పెద్దమ్మా. మనం చెప్పిందే రాసినాడు."