లోపలే ఉన్నారు

ఏళ్ల తరబడి సబ్బుతో, స్పిరిట్‌తో చేతులు కడిగీ కడిగీ ఆ నర్సు వేళ్ల మీది గీతలు అరిగిపోయాయి. మందుల గది తలుపుకు బిగించిన వేలిముద్రల మిషన్ ఆమెను ఒక పట్టాన గుర్తుపట్టదు.

ఆ రాత్రి వార్డులో ఒక పెద్దావిడకు ఊపిరి అందడం లేదు. డాక్టరు చెప్పిన ఇంజెక్షన్ కోసం నర్సు పరుగున వచ్చి వేలు పెట్టింది. ఎర్రలైటు వెలిగింది. వేలు కోటుకు తుడుచుకుని మళ్లీ పెట్టింది. మళ్లీ ఎర్రలైటే.

"నీకు దండం పెడతాను, తెరుచుకోవే తల్లీ!"

ఈసారి పచ్చలైటు వెలిగింది. తలుపు మాత్రం కదల్లేదు. మిషన్ మీద అక్షరాలు కనిపించాయి: 'మీరు ఇప్పటికే లోపల ఉన్నారు.'

ఆమె తలుపుకు చెవి ఆనించింది. లోపల ఎవరో మందు సీసా మెడ విరిచిన చప్పుడు వినిపించింది.

"ఎవరది?" అంటూ తలుపు బాదింది. వెంటనే వార్డుకు ఫోన్ చేసింది. అక్కడున్న చిన్న నర్సు ఎత్తింది.

"తాళంచెవి పట్రావే, తలుపు తెరుచుకోవడం లేదు."

"ఇంకెందుకక్కా? ఇప్పుడేగా వచ్చి ఇంజెక్షన్ చేసి వెళ్లావు!"

"నేనా?"

"నువ్వే. పిలిచినా పలకలేదు. నామీద కోపమా?"

నర్సు వార్డుకు పరుగెత్తింది. పెద్దావిడ ఊపిరి కుదురుగా ఆడుతోంది. జబ్బ మీద దూది అంటించి ఉంది. లోపలికి ఏ మందు ఎక్కిందో తెలియదు. నాడి చూద్దామని మణికట్టు పట్టుకుంటే ఆవిడ కళ్లు తెరిచింది.

"హమ్మయ్య, ఇప్పుడు వెచ్చగా ఉంది. ఇందాక మంచుగడ్డలా ఉందేంటమ్మా నీ చెయ్యి?"