మిగిలే ముక్క

“లోపల ఇంకా ఏం మాట్లాడుతున్నారు?” మబ్రూక్ ఆసుపత్రి మంచం మీద నుంచి లేవబోయాడు.

“కూర్చో బావా! కాలేయం ఇచ్చేవాళ్లని డాక్టరు ఒంటరిగా ఆఖరిసారి అడగాలట. ఇష్టమేనా, ఎవరైనా బలవంతపెట్టారా అని. ఇక్కడి పద్ధతి,” అన్నాడు బావమరిది జాబిర్.

“అవుననడానికి అరగంటా?”

“ఇద్దరు పిల్లల తల్లి. సగానికి పైగా కోసి నీకు పెడతారాయె. భయమెయ్యదా? కాస్త ఏడుస్తుంది. షఫీకా మా అక్క కూతురు, మాట తప్పదు.”

మబ్రూక్ పచ్చబడ్డ కళ్లు తలుపు మీద నుంచి కదలలేదు. నీరు పట్టిన పొట్ట ఊపిరి అందనివ్వడం లేదు. సొంతవాళ్లే ఇవ్వాలి. జాబిర్‌కు చక్కెర జబ్బు. ఉన్నది కూతురొక్కతే. రెండు నెలలకు మించి ఆగలేమని డాక్టరు పోయిన వారమే చెప్పాడు.

“నీకేం కాదు. నాలుగేళ్ల కిందట అక్కకు కాలేయం ఇవ్వడానికి సిద్ధపడి ఊరి నుంచి కైరో దాకా వచ్చినవాడివి. పరీక్ష కుదరక అక్క చనిపోవడం దాని రాత. మొగుడంటే మబ్రూక్ అని ఇమాం జుమా నాడు అందరి ముందూ అన్నాడు కదా!”

“ఆ సంగతి ఇప్పుడెందుకు?”

“మెచ్చుకున్నా కసురుతావు! ఇన్సాఫక్క నిన్నెట్లా భరించిందో.”

తలుపు తెరుచుకుంది. షఫీకా వచ్చి, తల వంచుకుని గోడకు ఆనుకుంది. వెనకే డాక్టరు. నాలుగేళ్లనాటి డాక్టరే.

“హాజీ, స్కాను మళ్లీ చూశాం. మీకు కావలసినంత కోస్తే అమ్మాయికి మిగిలే ముక్క చాలదు. ఆపరేషన్ చెయ్యలేం. మన్నించాలి.”

“నిన్నటిదాకా చాలుతుందన్నారు కదయ్యా!” అన్నాడు జాబిర్.

“కొలతలు ఒక్కోసారి అలా వస్తాయి.”

“అక్కప్పుడు నీకూ ఇదే మాట చెప్పారు! మిగిలే ముక్క చాలదు! ఇదేం శాపం బావా? నోరు తెరిచి ఏదైనా అడుగు!”

డాక్టరు మబ్రూక్ కళ్లలోకి ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

షఫీకా దగ్గరికొచ్చింది. “నాన్నా, నేను...”

“ఊరుకో. నీ తప్పేముంది? డాక్టరు చెప్పాడుగా.”

ఆనాడు తనను ఒంటరిగా అడిగినప్పుడు, కోతకు భయపడి డాక్టరును బతిమాలి ఇన్సాఫ్‌కు ఆ మాట చెప్పించింది అతడే.