పీతమ్మ తలుపు జప్తు

కుంట గట్టు బాగు కోసం ప్రతి ప్రాణీ ఏటా ఓ మట్టిముద్ద పన్ను కట్టాలి. అది పెద్ద తాబేలు పెట్టిన రూలు. గట్టులో బొరియ చేసుకుని ఉండే పీతమ్మ పోయినేడు కట్టలేదు. మూడు నోటీసులయ్యాక, జప్తు కాగితం పట్టుకుని అమీనా కొంగ వచ్చింది.

“డెక్క విరిగింది బాబూ, మట్టి మొయ్యలేకపోయాను. ఎలాగోలా కడతాను గానీ, ఆ తలుపు మాత్రం తియ్యకండి.”

“అవన్నీ ఆఫీసులో చెప్పుకోమ్మా. కాగితంలో తలుపనే ఉంది” అని కొంగ, బొరియకు అడ్డంగా ఉన్న మట్టిముద్దను ముక్కుతో పెకలించింది.

అంతే, కుంట నీళ్ళు బొరియలోంచి గట్టు అవతలికి పారడం మొదలైంది. పీతమ్మ తన ఒళ్ళే అడ్డం పెట్టింది. కొంగ కేకేద్దామంటే నోట్లో జప్తు సొత్తుంది. గబగబా ఎగిరి వెళ్ళి, ముద్దను తాబేలు ముందు పెట్టి సంగతి చెప్పింది.

“పన్ను ముట్టిందిగా. ఆ మట్టితోనే బొక్క పూడ్చిరా” అంది తాబేలు.

కొంగ తిరిగొచ్చి, ముద్దను తీసిన చోటే పెట్టి కాలితో గట్టిగా అదిమింది.

“నీ బాకీ తీరిందమ్మా” అంది.

“ఇన్నాళ్ళూ ఈ గట్టుకి నేను కడుతున్నదీ అదే బాబూ” అంది లోపల్నుంచి పీతమ్మ.