శశి పళ్లెం

క్యాన్సర్‌తో పోయిన శశికి ఆ రోజు పదకొండో దినం. ఆండర్సన్‌పేట ఇంట్లో, పటం ముందు వదిన మునిలక్ష్మి అరిటాకు పరవబోయింది.

"ఆకొద్దు. మన ఇండ్లల్లో పోయినోళ్లకి వాళ్లు తిన్న ప్లేటులోనే పెట్టాల. శశిది యాడుండాది?" అంది ముళబాగిలు నుంచి వచ్చిన పెద్దమ్మ చెన్నమ్మ.

మునిలక్ష్మి పెరటి వైపు చూసింది. జబ్బు తన పిల్లలకు అంటుతుందని శశి పళ్లెం పెరటి గోడమీదే పెట్టించి, తాకకుండా పైనుంచి వడ్డించేది.

శశి స్నేహితురాలు సుమ పోయి దాన్ని కడిగి తెచ్చింది.

"ఇది అంటుకునే జబ్బు కాదని డాక్టరు అప్పుడే చెప్పినాడక్కా. నీకు చెప్తానంటే శశే వద్దనింది. 'ఇంగ చెప్తే వదిన నా మొగం చూడలేకపోతాది, ఉండనీలే' అని నవ్వినాది, కీమో ఎక్కించుకుని వస్తా బస్సులో."

చెన్నమ్మ పళ్లెం అందించింది. "రోజూ పెట్టినది నువ్వే కదమ్మా. ఈ పొద్దూ నువ్వే పెట్టు."

పటం వైపు చూడలేక మునిలక్ష్మి తల దించుకునే చేతులు చాచింది. ఆ పళ్లేన్ని ఆమె ముట్టుకోవడం అదే మొదటిసారి.