బెన్హర్ అడిగిన ప్రశ్నలు

గూడూరులో కాలేజీ లైబ్రేరియన్ని నేను. పరిశోధనలన్నీ ఎవరైనా చదువుకునేట్టు నెట్‌లో పెట్టుంటారే, వాటిని పిల్లలకి వెతికిచ్చేది నా పని. నిమ్మతోటల తెగుళ్ల కాడి నించి చర్చి పాటల రాగాల దాకా అందులో దొరకనిది లేదు. ఇవాళ ఊరికే మా పల్లె పేరు కొట్టినా. మా ఆయన బెన్హర్ థీసిస్ వచ్చింది.

రొయ్యల గుంటల మీద అని నాతో చెప్పినాడు. కాదు. సముద్రం పక్క పల్లెల్లో ఆడపిల్లల బాల్యం మీద. చివర్లో, వాళ్లని అడిగిన ప్రశ్నలు అచ్చేసుండాయి.

చిన్నప్పుడు దేనికి భయపడేవారు? అమ్మ కొడితే ఎక్కడికి పోయి ఏడ్చేవారు? తుఫాను రోజు మిమ్మల్ని ఎవరు ఎత్తుకున్నారు?

పెళ్లికి ముందు సరుగుడు తోపులో కూర్చుని ఇదే వరసలో నన్ను అడిగినాడు. అంతవరకూ నా గురించి నన్ను ఎవరూ ఏమీ అడిగింది లేదు. ఆ ప్రశ్నలకే మనసిచ్చేసినా.

సాయంత్రం అన్నం ముందు కూర్చున్న బెన్హర్‌ని అడిగినా. "తుఫాను రోజు మిమ్మల్ని ఎవరు ఎత్తుకున్నారు?"

అన్నం కలిపే చెయ్యి ఆగిపోయింది. "చదివేసినావా?"

"ఎంతమందిని అడిగినారు?"

"ఊరికొకర్ని. అది పని, డెబోరా. అందర్నీ అవే అడగాల. పెళ్లి చేసుకునింది నిన్నే కదా!"

ఆ మాటకి కొంచెం చల్లబడినా. ఫోన్ తీసి ఆ పేజీలు మళ్లీ చదివినా. 'నన్ను పెళ్లి చేసుకుంటావా' అనే ప్రశ్న అందులో ఎక్కడా లేదు.

ఎట్లా ఉంటది? అది ఆయన ఎవర్నీ అడగలా. ఆ తోపులో అడిగింది నేను.